వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లకి ఏ వీల్‌చైర్ నప్పుతుంది?

ఒక ఆశ్రమంలో హాలు మూలన ఒక పెద్దావిడ ఎప్పుడు చూసినా కుడివైపుకి ఒరిగిపోయి కూర్చుని ఉండేవారు. కుడి చంక కింద ఒక దిండు, అది జారకుండా ఇంకో చిన్న దిండు. "ఈవిడకి నడుంలో బలం లేదండీ, కూర్చోలేరు" అని నాతో చెప్పారు. టేపు తీసి కొలిచాను. ఆవిడ తుంటి వెడల్పు 14 అంగుళాలు, కుర్చీ సీటు 18 అంగుళాలు. మధ్యకి కుంగిపోయిన గుడ్డ సీటు మీద, నాలుగు అంగుళాల ఖాళీలో ఎవరిని కూర్చోబెట్టినా ఏదో ఒక పక్కకి వాలక తప్పదు. చెయ్యి ఆన్చుకోవాలంటే ఆర్మ్‌రెస్ట్ దాకా ఒరగాలి మరి. 15 అంగుళాల సీటున్న కుర్చీ తెప్పించి, సీటులో గట్టి పలక, దాని మీద కుషన్ వేసి కూర్చోబెడితే రెండు దిండ్లూ అక్కర్లేకపోయాయి. పది నిమిషాలు గడిచాక ఆవిడ చేతులు వాటంతటవే చక్రాల మీదకి వెళ్లాయి. అప్పటిదాకా ఆ చక్రాలు ఆవిడకి అందేవే కావు.

"ఏ వీల్‌చైర్ మంచిదండీ?" అని అడుగుతుంటారు, అమ్మకో నాన్నకో కొనబోయే పిల్లలూ, పాతికమందికి కలిపి తెప్పించే నిర్వాహకులూ. నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ మనిషి రోజుకి ఎన్ని గంటలు అందులో కూర్చుంటారు? డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చే గంటసేపా, పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకానా? ఈ ఒక్క జవాబుతో సగం కుర్చీలు పక్కకి తప్పుకుంటాయి.

అన్నిచోట్లా కనిపించే మడత కుర్చీ పుట్టిందే వేరే పని కోసం. గని ప్రమాదంలో వెన్ను విరిగిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే అమెరికన్ ఇంజనీరు, తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1933లో దాన్ని తయారుచేశాడు. కుర్చీ కారులో పట్టాలి, అదీ ఆయన అవసరం. అందుకే కింద కత్తెరలా ముడుచుకునే గొట్టాలు. మడతపడాలి కాబట్టి సీటుకీ వీపుకీ గుడ్డ. ఆ అవసరానికి అది చాలా గొప్ప ఆలోచన. కానీ వెన్ను వంగి, కండ తగ్గి, సొంతంగా సర్దుకుని కూర్చోలేని ఎనభై ఐదేళ్ల మనిషిని అదే నమూనా కుర్చీలో పది గంటలు కూర్చోబెట్టడం అన్యాయం. కొన్నాళ్లకి గుడ్డ ఊయలలా కుంగుతుంది. తొడలు లోపలికి తిరిగి మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. తుంటి ఒక పక్కకి దిగుతుంది, దాని మీదున్న వెన్నూ తలా అటే ఒరుగుతాయి. అప్పుడు మనం "కూర్చోలేకపోతున్నారు" అని రాసుకుంటాం.

ముందు మనిషిని చూడాలి

కేటలాగు తెరవకముందే ఫిజియోథెరపిస్టుగానీ, రోజువారీ పనులు చేసుకోడానికి తోడ్పడే ఆక్యుపేషనల్ థెరపిస్టుగానీ ఆ మనిషిని మంచం మీద పడుకోబెట్టి చూడాలి. ఇది పావుగంట పని. ఈ పావుగంట లేకుండా కొన్న కుర్చీల్లో చాలావాటిని తర్వాత ఏ స్టోర్ రూమ్‌లోనో చూశాను.

చూడాల్సినవి మూడు. మొదటిది, తుంటి దగ్గర కాలు ఎంతవరకు మడుస్తుందో. కీళ్లు బిగుసుకుపోయి 90 డిగ్రీల దాకా రాకపోతే, నిటారు వీపున్న కుర్చీలో ఆ మనిషి కూర్చోవడం శరీరానికి సాధ్యం కాదు. ఎన్నిసార్లు పైకి లాగి కూర్చోబెట్టినా ముందుకి జారుతూనే ఉంటారు. వాళ్లకి సీటుకీ వీపుకీ మధ్య కోణం తెరుచుకునే కుర్చీ కావాలి.

రెండోది, తొడ వెనక కండరాల బిగుతు. తుంటి మడిచి ఉంచి మోకాలు చాపబోతే ఎక్కడ పట్టేస్తుందో గమనించాలి. ఈ కండరాలు తుంటినీ మోకాలినీ రెంటినీ దాటి వెళ్తాయి. అందుకే బిగుతు ఉన్న మనిషికి కాలు ముందుకి చాపి ఫుట్‌రెస్ట్ మీద పెట్టామంటే, ఆ కండరం కిందినుంచి తుంటిని ముందుకి లాగుతుంది. మనిషి జారిపోతారు. కాళ్లు వాచాయని పైకెత్తే లెగ్‌రెస్టులు పెట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి మనసుతోనే చేస్తారు. కానీ కుర్చీలో నిటారుగా కూర్చుని కాలు ఎంత ఎత్తినా అది గుండెకన్నా పైకి రాదు, వాపుకి పెద్దగా ఉపయోగం లేదు. జారడం మాత్రం గ్యారంటీ. వాపుకి మధ్యాహ్నం కాసేపు మంచం మీద కాళ్లకింద దిండు పెట్టి పడుకోబెట్టడం మేలు. ఆ వాపు ఎందుకొచ్చిందో డాక్టరు చూడాలి.

మూడోది గూని. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు వీపు మెల్లగా పరుపుకి ఆనితే ఆ వంపు ఇంకా సాగే స్థితిలోనే ఉంది. మంచి కుషన్, నడుం దగ్గర కాస్త ఆసరా ఇస్తే నిటారుగా వస్తారు. అలా కాకుండా, తల కింద రెండు దిండ్లు లేకపోతే తల గాల్లోనే ఉండిపోతోందంటే గూని బిగుసుకుపోయినట్టు. దాన్ని కుర్చీతో సరిచేయబోకూడదు. బిగువుగా ఉన్న నిటారు వీపు ఆ వంపుని వెనకనుంచి తోస్తుంది, మనిషి ముందుకి కూలతారు, చూపు ఒళ్లోకి దిగిపోతుంది. పట్టీలు వదులు చేసుకునే వీపున్న కుర్చీ తీసుకుని, గూని ఉన్నచోట పట్టీలు సడలించి దానికి చోటివ్వాలి, వీపు కోణం కొంచెం వెనక్కి తెరవాలి. అంతా అయ్యాక ఎదురుగా నిలబడి చూడండి. ఆ మనిషి కళ్లు మీ మొహానికి అందుతున్నాయా? అందితే కుర్చీ కుదిరినట్టే. నేను వెన్ను గీతకన్నా ఆ చూపునే ఎక్కువ నమ్ముతాను.

కొలతలు

గట్టి బల్ల మీద కూర్చోబెట్టి కొలవాలి, పరుపు మీద కొలిస్తే అన్నీ తప్పే వస్తాయి. సీటు వెడల్పు తుంటి అత్యంత వెడల్పుగా ఉన్నచోటికన్నా ఒక అంగుళం ఎక్కువ ఉంటే చాలు. సీటు లోతు పిరుదుల వెనకనుంచి మోకాలి మడత దాకా కొలిచి, అందులో రెండు మూడు వేళ్ల వెడల్పు తగ్గించాలి. లోతు ఎక్కువైతే సీటు అంచు పిక్కకి తగులుతుంది, ఆ నొప్పి తప్పించుకోడానికి మనిషి ముందుకి జరిగి వెన్ను చివరి ఎముక మీద కూర్చుంటారు. పొట్టిగా, సన్నగా ఉండే ఆడవాళ్లకి ఇది మరీ ఎక్కువ జరుగుతుంది. ఎందుకంటే మామూలు కుర్చీ లోతు 16 అంగుళాలు ఉంటుంది, వాళ్ల తొడ పొడవుకి అది పెద్దది.

ఆర్మ్‌రెస్ట్ ఎత్తు మోచేయి మడిచినప్పుడు భుజాలు పైకి లేవకుండా, కిందికి వాలకుండా ఆనేంత. ఫుట్‌రెస్ట్ ఎత్తు తొడ మొత్తం సీటుకి ఆనేంత. మరీ ఎత్తయితే మోకాళ్లు పైకి లేచి బరువంతా పిరుదుల అడుగున ఉండే కూర్చునే ఎముకల మీద పడుతుంది, మరీ దిగువైతే పాదాలు వేలాడతాయి. నేలకీ ఫుట్‌రెస్టుకీ మధ్య రెండు అంగుళాలైనా ఉండాలి, లేకపోతే గుమ్మాల దగ్గర తగులుతుంది. ఈ కొలతలన్నీ కుషన్ వేసినాక ఉండాల్సినవి. కుషన్ మార్చారంటే అన్నీ మారిపోతాయి. నాలుగు అంగుళాల కుషన్ కొత్తగా వేసి ఫుట్‌రెస్ట్ అలాగే వదిలేస్తే, పాదాలు గాల్లో, మోచేతులు గాల్లో.

తోసే కుర్చీ, సొంతంగా కదిలే కుర్చీ

నాలుగూ చిన్న చక్రాలుండే తోసే కుర్చీ తేలిక, చవక, మడిచి బండిలో పెట్టుకోవచ్చు. బయటికి వెళ్లి రావడానికి అది సరిపోతుంది. రోజంతా వాడే కుర్చీగా మాత్రం నేను ఎవరికీ చెప్పను. అందులో కూర్చున్న మనిషి తనంతట తాను అంగుళం కదల్లేరు. కిటికీ దగ్గరికి వెళ్లాలన్నా, టీవీ గోల పడక దూరం జరగాలన్నా ఎవరో ఒకరు రావాలి. అలా కొన్ని నెలలు గడిస్తే అడగడం మానేస్తారు. ఆ మౌనాన్ని మనం "సర్దుకున్నారు" అనుకుంటాం.

వెనక 24 అంగుళాల చక్రాలున్న కుర్చీలో రెండు రకాలున్నాయి. ఏదీ మార్చే వీలులేని మామూలు స్టీలు కుర్చీ ఒకటి. బరువు 16 నుంచి 20 కిలోల దాకా ఉంటుంది. చక్రాల ఇరుసు, సీటు ఎత్తు, వీపు కోణం మార్చుకోగలిగే తేలిక కుర్చీ ఇంకొకటి. ధర ఎక్కువే. కానీ చేతుల్లో ఉన్న కాస్త బలంతో తోసుకోవాల్సిన ముసలివాళ్లకి ఆ తేడా చాలా పెద్దది. వెనక ఇరుసుని కొంచెం ముందుకి జరిపితే బరువు పెద్ద చక్రాల మీదకి వస్తుంది, తోయడం సులువవుతుంది, భుజాల మీద భారం తగ్గుతుంది. మరీ ముందుకి జరిపితే కుర్చీ వెనక్కి పడుతుంది, అందుకని వెనక పడకుండా ఆపే చిన్న చక్రాలు తప్పనిసరి. కాలు తీసేసినవాళ్లకి దీనికి పూర్తిగా ఉల్టా. ముందువైపు బరువు తగ్గిపోయింది కాబట్టి ఇరుసుని వెనక్కి జరపాలి. చక్రం పైభాగాన చెయ్యి పెట్టినప్పుడు మోచేయి కొంచెం మడిచి ఉండాలి, సుమారు 100 నుంచి 120 డిగ్రీలు. చెయ్యి పూర్తిగా చాపితేగానీ చక్రం అందకపోతే సీటు చాలా ఎత్తులో ఉన్నట్టు.

ఇక కాళ్లతో నడుపుకునే తక్కువ ఎత్తు కుర్చీ. నన్నడిగితే ఆశ్రమాల్లో ఎక్కువమందికి మేలు చేసేది ఇదే, అయినా దీని సంగతి ఎవరూ ఎత్తరు. చేతుల్లో బలం లేని, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లు చాలామందికి కాళ్లతో నేలని లాక్కుంటూ వెళ్లడం ఎవరూ నేర్పక్కర్లేకుండానే వస్తుంది. నడక మర్చిపోని కాళ్లు అవి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయినవాళ్లు కూడా రెండో చెయ్యీ రెండో కాలూ కలిపి బాగా నడుపుకుంటారు. కానీ మామూలు కుర్చీ సీటు నేలనుంచి 19, 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది, దానిమీద కుషన్ ఉంటే ఇంకో రెండు మూడు అంగుళాలు. పాదం నేలకి అందక, అందుకోవాలని మనిషి ముందుకి జారుతూ జారుతూ కూర్చుంటారు. జారిపోతున్నారని బెల్టు కడతారు. అసలు జారుతున్నది నేల అందుకోడానికి.

లెక్క సులువు. చెప్పులు వేసుకుని మోకాలి మడత నుంచి నేలదాకా 17 అంగుళాలు, కూర్చుంటే కుషన్ మందం 2 అంగుళాలు అనుకుందాం. సీటు నేలనుంచి 15 అంగుళాలే ఉండాలి. మడమ పూర్తిగా ఆనాలి, వేళ్లు మాత్రం తగిలితే చాలదు. నడిపే కాలివైపు ఫుట్‌రెస్ట్ తీసెయ్యాలి. పడిపోయిన కాలివైపుది తప్పకుండా ఉంచాలి, లేకపోతే ఆ పాదం నేలమీద ఈడ్చుకుపోయి చక్రాల్లో ఇరుక్కుంటుంది. ఆ పక్క చేతికి వెడల్పాటి ఆసరా పెట్టాలి, వేలాడుతూ వదిలేస్తే భుజం కీలు జారుతుంది.

ఈ తక్కువ కుర్చీతో ఒక నష్టం ఉంది. సీటు ఎంత కిందికి దిగితే లేవడం అంత కష్టం. సొంతంగా లేచి నాలుగడుగులు వేసి బాత్రూమ్‌కి వెళ్లగలిగే మనిషిని తక్కువ కుర్చీలో కూర్చోబెడితే ఉన్న నడకని మనమే తీసేసినవాళ్లమవుతాం. అలాంటప్పుడు లేచి చూపించమని అడగండి, ఏ ఎత్తునుంచి సాయం లేకుండా లేస్తున్నారో చూసి, పాదాలు ఆనేలా ఆ ఎత్తుకి వీలైనంత దగ్గరగా పెట్టండి. రెండూ పూర్తిగా కుదరవు. నేనైతే నడకవైపే మొగ్గుతాను.

మతిమరుపు ఉన్నవాళ్లు బ్రేకు వెయ్యకుండా లేవబోతారు, కుర్చీ వెనక్కి వెళ్లిపోతుంది, పడతారు. లేవగానే దానంతటదే పడే బ్రేకులు దొరుకుతాయి, అలాంటివాళ్లకి అవి పెట్టించండి. మామూలు బ్రేకే ఉంటే దాని పిడికి పొడవాటి గొట్టం తొడిగి, కొట్టొచ్చినట్టు కనపడే రంగు టేపు చుట్టండి. ఇంకో సంగతి. గాలి టైర్లున్న కుర్చీలో గాలి తగ్గితే బ్రేకు పట్టదు, ఎందుకంటే ఆ బ్రేకు టైరునే నొక్కి ఆపుతుంది. ఎన్ని కుర్చీల్లో మెత్తటి టైర్ల మీద బ్రేకు వేసి, వేశాం కదా అని నిశ్చింతగా మనుషుల్ని లేపుతున్నారో చూస్తే భయమేస్తుంది.

మోటారు కుర్చీ సంగతి క్లుప్తంగా. వయసు చూసి కాదనకండి. చూపు, ఏకాగ్రత, చేతి అదుపు చూసి, వేగం బాగా తగ్గించి, ఒక్కరోజుతో తీర్పు చెప్పకుండా కొన్నిసార్లు నడిపించి చూసి నిర్ణయించండి.

మొత్తంగా వంగే కుర్చీ, వీపు మాత్రమే వాలే కుర్చీ

సొంతంగా కదల్లేని, తల నిలబెట్టలేని పెద్దవాళ్ల విషయంలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఒకదాన్ని రిక్లైన్ అంటారు, వీపు ఒక్కటే వెనక్కి వాలుతుంది, సీటు అలాగే ఉంటుంది. రెండోదాన్ని టిల్ట్ అంటారు, సీటూ వీపూ కలిసి అదే కోణంలో మొత్తంగా వెనక్కి వంగుతాయి.

తేడా తెలియాలంటే ఒక పని చెయ్యండి. అరచేతిని బల్లమీద గట్టిగా నొక్కిపెట్టి, చర్మం బల్లకి అంటుకుని ఉండగానే చేతిని ముందుకి తొయ్యండి. చర్మం ఆగిపోయింది, లోపల ఎముక కదిలింది. ఆ మధ్యలో ఉన్న మాంసం, రక్తనాళాలు మెలితిరిగాయి. రిక్లైన్ చేసినప్పుడు వెన్ను చివర సరిగ్గా అదే జరుగుతుంది. కుర్చీ వీపు మడిచే చోటూ మనిషి తుంటి మడిచే చోటూ ఒకటి కావు కాబట్టి, వాల్చినప్పుడు ఒళ్లు వీపుమీద రాసుకుంటుంది, మళ్లీ లేపినప్పుడు మనిషి ముందుకి జారతారు. పలచబడిన ముసలి చర్మం ఈ రాపిడికి తట్టుకోదు. పుండ్లు అక్కడ మొదలవుతాయి.

టిల్ట్‌లో తుంటి కోణం మారదు, జారడం చాలా తక్కువ. బరువు కూర్చునే ఎముకల మీదనుంచి వీపుమీదకి మారుతుంది. కానీ మారాలంటే 30 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో వంచాలి. నాలుగైదు డిగ్రీలు వంచి "టిల్ట్ చేశాం" అని షీట్‌లో రాసుకోవడం వల్ల ఒంటిమీద ఒత్తిడి తగ్గదు. అంత చిన్న కోణం కూర్చోడానికి హాయిగా ఉంటుందేమోగానీ పుండుని ఆపదు.

అందుకని రోజంతా కుర్చీలో ఉండి, సొంతంగా బరువు మార్చుకోలేని మనిషికి నా సలహా టిల్ట్ కుర్చీ. రిక్లైన్ ఎవరికంటే, తుంటి 90 డిగ్రీలు మడవనివాళ్లకి, కుర్చీలోనే బట్టలు మార్చడం, శుభ్రం చెయ్యడం అవసరమైనవాళ్లకి. రెండూ ఉన్న కుర్చీ అయితే వరస ముఖ్యం. ముందు టిల్ట్, తర్వాత వీపు వాల్చాలి. లేపేటప్పుడు ముందు వీపు లేపి, ఆఖర్న టిల్ట్ దించాలి. ఈ వరస ఒక కాగితం మీద రాసి కుర్చీ వెనక అంటించండి, రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన అమ్మాయికి అదే దిక్కు.

టిల్ట్ కుర్చీకి నష్టాలు ఉన్నాయి. బరువెక్కువ, మడవదు, చిన్న లిఫ్టుల్లో తిరగదు. కొనేముందు ద్వారాలు, బాత్రూమ్ మలుపు టేపుతో కొలుచుకోవాలి. అన్నిటికన్నా పెద్ద నష్టం మనుషులు చేసేది. వెనక్కి వంచేసి అలాగే మర్చిపోతారు. రోజంతా పైకప్పు చూస్తూ బతకడం ఎలా ఉంటుందో ఒక గంట పడుకుని చూడండి. వెనక్కి వంగి ఉన్నప్పుడు తినిపిస్తే గొంతులో అడ్డం పడుతుంది కూడా. తిండికీ, మాట్లాడుకోడానికీ, ఎవరైనా చూడవచ్చినప్పుడూ నిటారుగా తీసుకురావాలి, ఆ తర్వాత ఒత్తిడి తగ్గించడానికి వంచాలి. రోజంతా ఇలా మార్చే మనుషులు లేకపోతే ఎంత ఖరీదైన టిల్ట్ కుర్చీ అయినా చక్రాలున్న మంచమే.

చాలా ఆశ్రమాల్లో ఒత్తుగా మెత్తలు కుట్టిన పెద్ద సోఫాలాంటి కుర్చీలు, కింద బుల్లి చక్రాలతో కనిపిస్తాయి. చూడ్డానికి హాయిగా ఉంటాయి. కొలతలు మార్చే వీలుండదు, కాలు నేలకి అందదు, చెయ్యి చక్రానికి అందదు. అందులో కూర్చోబెట్టాక లేవగలిగినవాళ్లు కూడా లేవలేరు. కాసేపు కునుకు తియ్యడానికి సరే.

కుషన్

కుర్చీకి పెట్టే డబ్బులో కుషన్‌కి వాటా ఉంచుకోండి. రెండింట్లో ఒకదానికే డబ్బుందంటే, సరైన సైజు మామూలు కుర్చీ తీసుకుని మిగతాది కుషన్‌కీ కింద గట్టి పలకకీ పెట్టమంటాను. గుడ్డ సీటు మీద ఎంత మంచి కుషన్ వేసినా అదీ ఊయలలా వంగుతుంది.

ఫోమ్ కుషన్ తేలిక, నిలకడగా ఉంటుంది, చూసుకునే పని తక్కువ. కూర్చునే ఎముకలకి గుంట, తొడలకి కాలువల్లా ఆకారం ఉన్నది తీసుకుంటే జారడం తగ్గుతుంది. సొంతంగా కదలగలిగే, చర్మం బాగున్నవాళ్లకి ఇది చాలు. ఫోమ్ ముసలిదవుతుంది. చేత్తో నొక్కితే తిరిగి లేవడం లేదంటే మార్చాలి. జెల్ కుషన్ ఎముకల కింద ఒత్తిడి బాగా పంచుతుంది, కానీ బరువు, పైగా జెల్ పక్కలకి తప్పుకుపోతుంటుంది, రోజూ చేత్తో మధ్యకి సర్దాలి. గాలి గదుల కుషన్ పుండు ఉన్నవాళ్లకీ, ఇదివరకు వచ్చి మానినవాళ్లకీ మంచిది. అయితే దాని మీద నిలకడ తక్కువ, నడుం ఆగనివాళ్లు ఒరిగిపోతారు. గాలి సంగతి రోజూ చూడాలి. మనిషి కూర్చున్నాక కుషన్‌కీ పిరుదుకీ మధ్య అరచెయ్యి దూర్చి, అన్నిటికన్నా కిందికి దిగిన ఎముకని వేలితో వెతకాలి. ఆ ఎముకకీ కుషన్ అడుగుకీ మధ్య అర అంగుళం నుంచి ఒక అంగుళం దాకా గాలి ఉండాలి. ఎముక అడుక్కి తగిలితే అది కుషన్ కిందే లెక్క కాదు. మరీ గట్టిగా నింపినా అంతే, బంతి మీద కూర్చున్నట్టుంటుంది. ఫోమ్ అడుగు మీద, ఎముకల కింద మాత్రమే గాలో జెల్లో ఉన్న మిశ్రమ కుషన్లు కూడా దొరుకుతాయి. పుండు భయం ఉండి, ఒరిగే మనిషికి నేను వాటినే ముందు వేసి చూస్తాను.

రోజూ గాలి చూసే మనిషి మీ ఆశ్రమంలో ఉన్నారా? నిజాయితీగా చెప్పుకోండి. లేరంటే గాలి కుషన్ కొనకండి. మంచి ఫోమ్ కుషన్ దానికన్నా మేలు.

మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండు వద్దు. నొప్పి ఉన్నచోట ఖాళీ వదిలితే హాయిగా ఉంటుందని వేస్తారు, కానీ అంచు చుట్టూ ఒత్తి ఆ మధ్య భాగానికి రక్తం అందకుండా చేస్తుంది. అలాగే కుషన్ మీద మడతపెట్టిన దుప్పటి, మందపాటి ప్యాడ్లు రెండు మూడు, మనిషిని ఎత్తే హాయిస్ట్ గుడ్డ, ఇవన్నీ పరిస్తే ఎముక కుషన్‌లోకి దిగదు. సాగే కవరు, ఒక్క పలచటి ప్యాడ్, అంతే.

బెల్టు

బెల్టు ఎందుకు పెడుతున్నామో మాటల్లో చెప్పుకోవాలి. తుంటిని సీటులో వెనక్కి ఆన్చి ఉంచడానికి, మనిషి తనే విప్పుకోగలిగేలా పెడితే అది ఆసరా. లేవకుండా ఉండటానికి పెడితే అది కట్టేయడం. ముందు బల్ల బిగించడం కూడా అంతే. జారే మనిషికి వదులు బెల్టు ప్రమాదం కూడా, కిందికి జారి అది ఛాతీకి, గొంతుకి వచ్చి ఊపిరాడక పోయే అవకాశం ఉంది. జారుతున్నారంటే బెల్టుకన్నా ముందు సీటు లోతు, ఫుట్‌రెస్ట్ ఎత్తు, తొడ కండరాల బిగుతు, కుషన్, ఈ నాలుగూ చూడండి. నొప్పి ఉందేమో, బాత్రూమ్‌కి వెళ్లాలేమో అడగండి.

కుర్చీ వచ్చాక

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన వీల్‌చైర్ మార్గదర్శకాల్లో నాలుగు మెట్లు చెప్పింది. ఎంచుకోవడం, అమర్చడం, నేర్పడం, మళ్లీ వచ్చి చూడడం. మన దగ్గర ఎక్కువగా మొదటిదాంతోనే ఆగిపోతుంది. కూర్చోబెట్టిన ఐదు నిమిషాలకి అందరూ బాగానే కనిపిస్తారు. మూడో గంటకి వచ్చి చూడాలి. మొదటి రోజు ఒకటి రెండు గంటలే కూర్చోబెట్టి, పడుకోబెట్టగానే తోకెముక దగ్గరా, కూర్చునే ఎముకల దగ్గరా, మడమల దగ్గరా చర్మం చూడాలి. అరగంటకి కూడా పోని ఎరుపు, వేలితో నొక్కితే తెల్లబడని మచ్చ ఉంటే ఆ కుర్చీలో అంతసేపు కూర్చోబెట్టకూడదు. ఛాయ ముదురుగా ఉన్నవాళ్లలో ఎరుపు కనపడకపోవచ్చు, అక్కడ వేడి, గట్టిదనం, నొప్పి, పక్క చర్మంతో రంగు తేడా చూడాలి.

మాట్లాడలేనివాళ్లు కూడా కుర్చీ గురించి చెబుతూనే ఉంటారు. మధ్యాహ్నం అయ్యేసరికి కేకలు వేస్తుంటే, ఆర్మ్‌రెస్ట్ పట్టుకుని పైకి లేవాలని చూస్తుంటే, "మంచం మీద పడుకోబెట్టండి" అని అడుగుతూనే ఉంటే, మందు గురించి ఆలోచించేముందు కుర్చీ దగ్గరికి వెళ్లండి. బరువు తగ్గినా పెరిగినా, ఆసుపత్రినుంచి తిరిగొచ్చినా, పడినా మళ్లీ కొలవాలి. ఏ మార్పూ లేకపోయినా ఆరు నెలలకోసారి కొలవాలి. కుర్చీ మీద ఆ మనిషి పేరు ఉండాలి. ఇంకొకరి కోసం దాన్ని తీసుకెళ్లకూడదు.

నాలుగు నెలల తర్వాత ఆ హాలుకి మళ్లీ వెళ్లాను. ఆ పెద్దావిడ కొత్త కుర్చీలోనే ఉన్నారు, కానీ ముందుకి జారి, మెడ వేలాడేసి ఉన్నారు. "మళ్లీ మొదటికొచ్చిందండీ" అన్నారు ఆయా. ఆవిడని లేపించి కుషన్ తీసి చూస్తే, కవరు ఉతికాక వెనక భాగం ముందుకి వచ్చేలా పెట్టారు. ఎముకలకి దిగాల్సిన గుంట మోకాళ్ల కింద ఉంది, తొడల కింద ఉండాల్సిన ఎత్తు పిరుదుల కింద ఉండి ఆవిడని ముందుకి తోస్తోంది. తిప్పి పెట్టి కూర్చోబెట్టాం. కవరు ముందంచున ఎర్ర దారంతో "ముందు" అని పెద్ద అక్షరాలు కుట్టమని ఆయాకి చెబుతుండగానే, ఆవిడ కుర్చీ తిప్పుకుని కిటికీవైపు బయల్దేరారు.